ములూఖియా వండే పద్ధతి

"ములూఖియా దిగిపోయింది" అన్నారు మా ఆయన, ఇంకా మొదటి ముద్ద నోట్లో పెట్టుకోకుండానే.

దిగిపోవడమంటే ఆకు అడుక్కి చేరి పైన నీళ్ళు తేలడం. ఈజిప్టులో మా మన్సూరా ఊళ్ళో ఆడదాని వంట మీద వేయదగ్గ నిందల్లో అది చిన్నదేమీ కాదు. నిజానికది దిగలేదు. కోడిని ఉడికించిన నీళ్ళలో ఆకు కలిసిపోయి, రొట్టె ముంచితే తీగ సాగుతూ, పచ్చగా నిగనిగలాడుతోంది. పొద్దున్నే లేచి రెండు కిలోల కాడల నుంచి ఆకు దూసి, కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, రెండు పిడుల కత్తిని అటూ ఇటూ ఊపుతూ గంటసేపు తరిగాను. కానీ మా ఆయన రగబ్‌కి భోజనం మొదలవ్వాలంటే ముందు ఒక వంక కావాలి. బిస్మిల్లా అంటారు, వంక పెడతారు, తింటారు, మూడోసారి కూడా వడ్డించమంటారు. మెచ్చుకోలంటే అదే అనుకోవాలి. మా అత్తగారు ఉన్న రోజుల్లో, "మగాడు వంక పెట్టకుండా తిన్నాడంటే బయట తినొచ్చాడని అర్థమే పిల్లా" అనేది. ఆ మాట పట్టుకుని నేను చాలా ఏళ్ళు సంతోషంగా ఉన్నాను. అప్పట్లో నన్ను సంతోషపెట్టడం చాలా తేలిక.

అది ఏప్రిల్ చివర, కొత్త ములూఖియా బజారులోకి వచ్చిన వారం. ఆ మర్నాడే మూడో అంతస్తు నుంచి డాక్టర్ ఉల్ఫత్ నాకు కబురు పెట్టింది.

నేను కాలేజీలో విద్యార్థుల సెక్షన్‌లో గుమాస్తాను. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. హాజరు పట్టీలు, గుర్తింపు కార్డులు, టైమ్‌టేబుళ్ళు నా పని. సెక్షన్‌లో నలుగురం గుమాస్తాలం, అందులో ముగ్గురు మగవాళ్ళు. టీ కెటిల్ మాత్రం మొదటి రోజు నుంచీ నా బల్ల మీదే ఉంది. అక్కడ ఎవరు పెట్టారని నేనూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. డాక్టర్ ఉల్ఫత్ మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. పెద్ద చదువు చదివిన మనిషి, నన్నెప్పుడూ మదామ్ ఇనాయాత్ అనే పిలుస్తుంది. ఆమెక్కూడా టీ కావాలేమో అనుకుంటూ మెట్లెక్కాను.

గదిలో ఇద్దరమ్మాయిలున్నారు. ఒకామె కంప్యూటర్ల కోర్సు ఆఖరి ఏడాది చదువుతున్న తస్నీం, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని గోళ్ళు కొరుకుతోంది. రెండో అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది, కుడిచేతి మూడు వేళ్ళకి కట్టు.

"మదామ్ ఇనాయాత్, మీకు ములూఖియా వండడం వచ్చా?" అంది డాక్టర్.

నాకు నవ్వొచ్చింది. "నిన్ననే దించేశానని మాట పడ్డాను డాక్టర్‌గారూ. వచ్చో రాదో మీరే చెప్పాలి."

ఆమె నవ్వలేదు. ఫోను నా చేతికిచ్చింది. తెర మీద గిన్నె బొమ్మ, కింద అక్షరాలు: ములూఖియా ఆకు అరకిలో, నీళ్ళలో నలభై నిమిషాలు ఉడికించాలి, టమాటాలు వేయాలి, వేడిగా వడ్డించాలి.

"అయ్యయ్యో! నలభై నిమిషాలా! ఇది వంటా, బట్టలు ఉడకేయడమా? ఎవరమ్మా రాసింది?"

తస్నీం చెవులు ఎర్రబడ్డాయి. "నేనే అబ్లా. ఇంట్లో అమ్మే చేస్తుంది కదా... మామూలు ఆకుకూర లాంటిదే అనుకున్నా."

మా పిల్లలు తమకంటే పెద్దదాన్ని, టీచరునైనా సరే, అబ్లా అని పిలుస్తారు. అక్కా అన్నట్టు. ఆ పిలుపు వింటే కోపం సగం పోతుంది. పోయింది కూడా.

అప్పుడు డాక్టర్ అసలు సంగతి చెప్పింది. కాబోయేవాడి చేతిలోనో, స్నేహం పేరుతో తిరిగేవాడి చేతిలోనో దెబ్బలు తినే ఆడపిల్లల కోసం ఆమె, తస్నీం కలిసి ఏడాదిగా ఫోనులో ఒక ఏర్పాటు చేశారట. లోపల తారీఖు వేసి జరిగింది రాసుకోవచ్చు. దెబ్బల ఫోటోలు దాచుకోవచ్చు. ఒక్క నొక్కు నొక్కితే ఎక్కడున్నారో డాక్టర్‌కి తెలుస్తుంది. కానీ ఇలాంటివాళ్ళు ముందు లాక్కునేది ఫోనే. అందుకని పైకి అది వంటల పుస్తకంలా కనిపించాలి. ఆడపిల్ల ఫోనులో వంటల పుస్తకం ఉంటే ఎవడైనా మురిసిపోతాడు గానీ అనుమానించడని తస్నీం ఆలోచన. ఆలోచన మంచిదే. ఆ పిల్ల ముందు పొయ్యి దగ్గర నాలుగు రోజులు నిలబడి ఉంటే ఇంకా బాగుండేది.

కిటికీ పక్క అమ్మాయి మొదటిసారి నోరు విప్పింది. "నాకు కాబోయేవాడికీ అక్కడే అనుమానమొచ్చింది అబ్లా. 'ఏ పశువు ములూఖియాని నలభై నిమిషాలు ఉడికిస్తాడే? ఇది వంటల పుస్తకం కాదు, ఇంకేదో ఉంది దీంట్లో' అని ప్రతిచోటా నొక్కడం మొదలెట్టాడు. నేను లాక్కోబోయాను. వేళ్ళు వెనక్కి విరిచాడు."

మా ఊరి మగవాళ్ళకి వండడం రాదు. తప్పు పట్టడం మాత్రం నెల పిల్లాడికి కూడా వచ్చు. తస్నీంకి ఆ సంగతి తట్టలేదు.

"తీసి పారెయ్యచ్చు కదమ్మా ఫోనులోంచి" అన్నాను.

"ఉన్నది మాయమైతే ఇంకా అనుమానం కదా అబ్లా. వచ్చే శుక్రవారం వాళ్ళింట్లో భోజనం. ఈ వంటలు వాళ్ళమ్మకి చూపిస్తాడట, నిజం వంటలో కావో ఆవిడే తేలుస్తుందట. ఆవిడ వంటంటే వీధి వీధంతా చెప్పుకుంటారు." కట్టు వేళ్ళని ఒళ్ళోకి లాక్కుంది. "నాన్న హుర్ఘాదాలో హోటల్ బస్సు నడుపుతాడు. పై గురువారం గానీ రాడు. అప్పటిదాకా ఇది ఫోనులో ఉండాలి, వాడికి తెలియకూడదు. నాన్నకి వాడు బంగారం. నోటితో చెబితే నమ్మడు. అమ్మకి చెబితే, పెళ్ళి ముందు అందరికీ ఇలాగే గుబులుగా ఉంటుందిలే అంది. అన్నీ తారీఖులతో సహా నాన్న కళ్ళకి చూపించాలి."

"నీ పేరేంటి తల్లీ?"

"రగధా ఫత్హీ."

ఆ పేరు నాకు తెలుసు.

అక్టోబరులో ఒక కుర్రాడు నా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన జుట్టు, చేతిలో బస్‌బూసా మిఠాయి డబ్బా. "తాంత్, బాగున్నారా? నేను రగధా ఫత్హీకి కాబోయేవాణ్ణి, నా పేరు హైసమ్. తన టైమ్‌టేబుల్ ఒకటి ఇప్పిస్తారా? చెప్పకుండా వచ్చి దిగబెడదామని." తాంత్ అనేది మర్యాద తెలిసిన ఇళ్ళ పిల్లలు పెద్దవాళ్ళని పిలిచే పిలుపు. నేను పొంగిపోయాను. బయటివాళ్ళకి టైమ్‌టేబుల్ ఇవ్వకూడదని గోడ మీద రాసే ఉంది. కానీ ఉంగరం తొడిగినవాడు బయటివాడెలా అవుతాడు? మా దగ్గర నిశ్చితార్థమైతే సగం మొగుడే. సగం మొగుడికి సగం రూలు. ప్రింటు తీశాను. అంతటితో ఆగానా? క్లాసుల మధ్య పిల్లకి ఖాళీ ఎప్పుడో కూడా పసుపు పెన్నుతో గీసి ఇచ్చాను. ఎంత ప్రేమున్న పిల్లాడో, మా ఆయన ఒక్కరోజైనా ఇలా వచ్చారా అనుకుంటూ బస్‌బూసా తిన్నాను.

ఆ రోజు డాక్టర్ గదిలో ఇదేమీ చెప్పలేదు. "నాలుగు రోజుల్లో అన్ని వంటలూ నేను రాసిస్తాను" అని మాత్రం అన్నాను.

ముప్పై ఒక్క వంటలు రాశాను. కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడల్లా రాశాను. బస్సులో రాశాను. బెండకాయ కూర, ద్రాక్షాకు చుట్టలు, చింతపండు చేపలు, బాతులో బియ్యం కూరడం. పెన్ను పట్టుకునేసరికి చేతికి గుర్తున్నవన్నీ కాగితం మీదికి వచ్చాయి. బియ్యం ఎంతసేపు వేగితే గింజ గింజకి అంటదు, బెండకాయ జిగురు విరగాలంటే నిమ్మకాయ ఎప్పుడు పిండాలి, ఎన్ని సంగతులో. ఇరవై నాలుగేళ్ళలో ఎవరూ నన్ను ఎలా వండుతావని అడగలేదు. ఇలా ఎందుకు వండావనే అడిగారు. ఇప్పుడు ఒక కాలేజీ పిల్ల నా పక్కన స్టూలేసుకుని, "వెల్లుల్లి ఏ రంగు వచ్చేదాకా అబ్లా?" అని అడిగి, నేను చెప్పింది చెప్పినట్టు టైపు చేస్తోంది. కళ్ళు తుడుచుకున్నాను. ఉల్లిపాయ కూడా లేదు అక్కడ, వంక పెట్టడానికి.

మంగళవారం మధ్యాహ్నం రగధా కూడా వచ్చి కూర్చుంది. డబ్బాలో ద్రాక్షాకు చుట్టలు తెచ్చాను. కట్టు వేళ్ళతో తినలేకపోతోంది, నేనే నోట్లో పెట్టాను. మూడోది పెడుతూ చెప్పేశాను. "టైమ్‌టేబుల్ వాడికి ఇచ్చింది నేనే తల్లీ. ఖాళీ గంటలు గీసి మరీ ఇచ్చాను."

ఆ పిల్ల నమలడం ఆపింది. "ఆ గంటల్లో నేను లైబ్రరీలో కిటికీ దగ్గర కూర్చునేదాన్ని అబ్లా. వారానికి అయిదు గంటలు. అవొక్కటే నావి. అక్టోబరు నుంచి సరిగ్గా ఆ టైముకే గేటు దగ్గర నిలబడేవాడు. ఎలా తెలుస్తుందా అని జుట్టు పీక్కున్నాను."

"నన్ను తిట్టు."

"మీరు కాకపోతే ఇంకొకరు ఇచ్చేవాళ్ళు. ఉంగరం ఉంది కదా." అలా అని నోరు తెరిచింది, ఇంకోటి పెట్టమన్నట్టు. తిట్టి ఉంటే కాస్త తేలికపడేదాన్ని. ఆ డబ్బా ఖాళీ అయ్యేదాకా పెడుతూనే ఉన్నాను.

ములూఖియా ఆఖర్న, డాక్టర్ గదిలో కూర్చుని రాశాను. ఆకు వేశాక మరగనివ్వకూడదు, గిన్నె మీద మూత పెట్టకూడదు అని తస్నీంకి చెప్పాను. "వెల్లుల్లి, ధనియాలు నేతిలో ఎర్రగా వేగాక, చుయ్యిమని ములూఖియాలో పోస్తూ, గుండె ఝల్లుమన్నట్టు 'హాఁ' అని ఊపిరి లోపలికి పీల్చాలి. రాశావా?"

తస్నీం పకపకా నవ్వింది. "ఇదీ రాయాలా అబ్లా?"

"రాయకపోతే అది ములూఖియా కాదు. మీ అమ్మ పీల్చదా?"

"పీలుస్తుంది. మా తమ్ముడు పక్క గదిలోంచి వెక్కిరిస్తాడు."

అదెందుకో ఎవరికీ తెలీదు. మా అమ్మ పీల్చేది, వాళ్ళమ్మ పీల్చేది. పీల్చకపోతే రుచి రాదంటారు. చదువుకున్నవాళ్ళం, నమ్మం, అయినా పోపు పోసేటప్పుడు ఊపిరి దానంతటదే లోపలికి వెళ్తుంది. మగవాళ్ళకి అదొక తమాషా. ఆ మాట అనుకుంటుంటేనే నాకు తట్టింది. "లోపలికి వెళ్ళే దారి ఇప్పుడెక్కడుంది?"

"కింద, 'మాకు రాయండి' అనే బటన్‌లో అబ్లా. వాడు దాదాపు నొక్కేశాడు."

"అక్కడ తీసెయ్. దారి ఇక్కడ పెట్టు, ఈ ‘హాఁ’ మీద. అది బటన్‌లా కనిపించకూడదు, మామూలు అక్షరాల్లాగే ఉండాలి. వేలు పెట్టి, నిండా ఒక ఊపిరి పీల్చేంతసేపు ఉంచితేనే తెరుచుకోవాలి. ఏ మగాడూ అక్కడ ఆగడు. నవ్వుకుని కిందికి పోతాడు."

తస్నీం అప్పటికప్పుడే లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. డాక్టర్ ఉల్ఫత్ లేచి వచ్చి నా నుదుటి మీద ముద్దు పెట్టింది. కుర్చీలోకి తిరిగి వెళ్ళాక ఆమెకి మళ్ళీ దిగులు పట్టుకుంది. "బాగానే ఉంది గానీ, సంగతి తెలియని మగాడొకడు దీన్ని అటూ ఇటూ తిప్పి చూస్తే తప్ప గట్టిదో కాదో చెప్పలేం. చెప్పి చూపిస్తే గుట్టు పోతుంది. చెప్పకుండా ఎవరికని ఇస్తాం?"

"అది నాకొదిలెయ్యండి" అన్నాను.

బుధవారం దాన్ని నా ఫోనులో ఎక్కించుకుని ఇంటికెళ్ళాను. భోజనమైంది. టీ ఇచ్చాను. ఆయన ఎప్పటిలాగే ఎడం చేత్తో గ్లాసు పట్టుకుని కుడి చెయ్యి చాచారు. ఫోను ఇచ్చాను. సంఖ్య కొట్టారు, మా అబ్బాయి మాజిన్ పుట్టినరోజు, ఆయన పెట్టిందే. ముందు మెసేజీలు చూశారు.

"ఈ సమీరా ఎవరు?"

"మా ఆఫీసు సమీరానే. పోయిన నెల అడిగినప్పుడూ ఆవిడే."

"మీ చెల్లెలు మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళిందట. నువ్వు చూశావా?" అని వేలు జరిపారు. "ఇదేంటి, కొత్తగా ఉంది?"

"వంటలు."

"నీకు వంటల పుస్తకమా! ఇరవై నాలుగేళ్ళు ఆలస్యమైంది కదే ఉమ్మ్ మాజిన్!" ఉమ్మ్ మాజిన్ అంటే మాజిన్ వాళ్ళమ్మ. తన మాటకి తనే నవ్వుకుని తెరిచారు. బెండకాయ చూశారు, బాతు చూశారు, ములూఖియా దగ్గర ఆగారు. నేను ఖాళీ పళ్ళెం చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. బొటనవేలు పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది. "'హాఁ అని ఊపిరి పీల్చాలి'... చూడు చూడు, ఇదీ రాసింది పిచ్చిది!" ఆ మాటల మీదుగా మూడుసార్లు వేలు పోనిచ్చారు. ఒక్కసారీ ఆగలేదు. ఫోను నా వైపు తోస్తూ, "ఉప్పెంతో రాయలేదు. అది తప్పిస్తే, రాసినావిడెవరో గానీ వంట తెలిసిన మనిషి. చదివి నేర్చుకో, దిగకుండా ఎలా వండాలో" అన్నారు.

ఇన్నేళ్ళలో ఆయన నా వంటని మెచ్చుకున్నది అదే మొదటిసారి. వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

మర్నాడు మెట్లన్నీ ఒక్క గుక్కలో ఎక్కేసి ముగ్గురికీ చెప్పాను. ఆయన గొంతుతోనే చెప్పాను, 'ఉప్పెంతో రాయలేదు' అని. తస్నీం చప్పట్లు కొట్టింది. డాక్టర్ కూడా నవ్వుతూ, "అనుమానం రాకుండా ఎలా చూపించారు? ఏమని ఇచ్చారు ఆయనకి?" అని అడిగింది.

"ఇవ్వడానికేముంది డాక్టర్‌గారూ? రోజూ భోజనమయ్యాక నా ఫోను చూస్తారు కదా."

నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. నవ్వుతున్నది నేనొక్కదాన్నేనని తెలియడానికి కాసేపు పట్టింది. తస్నీం లాప్‌టాప్ వైపు తల దించుకుంది. డాక్టర్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"అంటే... మంచాయనే" అన్నాను. "చెయ్యి చేసుకోరు. పెళ్ళయిన ఏడాది ఎప్పుడో ఒక్కసారి, అదీ కోపంలో. మా అత్తగారు అనేది, అనుమానపడని మగాడు గాడిదతో సమానం అని. నా మీద ప్రేమ కొద్దీ..."

రగధా కట్టున్న చెయ్యి నా మోకాలి మీద వేసింది. "నేనూ మొదట ఇక్కడికి వచ్చి అచ్చం ఇలాగే చెప్పాను అబ్లా. చెయ్యి చేసుకోడు, ప్రేమ కొద్దీ అని."

డాక్టర్ నాకు పాఠం చెప్పలేదు. అందుకు ఆమెకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ములూఖియా పేజీ తీసి, ఊపిరి దగ్గర వేలు ఉంచి, లోపలి గది తెరిచి నా ముందు పెట్టింది. బయటి ముప్పై ఒక్క వంటలూ నేను రాసినవే గానీ లోపల ఏముందో అప్పటిదాకా చూడనే లేదు. ఆడపిల్ల తన సంగతి తను తేల్చుకోవడానికి కొన్ని ప్రశ్నలున్నాయి. మొదటిది: అతను నీ ఫోను చూస్తాడా?

ఆ రోజు బస్సులో ఊచ పట్టుకుని నిలబడి లెక్క తీశాను. ఇరవై ఏళ్ళుగా నేను చెల్లెలికి రాసిన ప్రతి మాటా ఇద్దరికి రాశాను. ఒకటి దానికి, ఇంకోటి మీదనుంచి చూసే ఆయనకి. 'ఒంట్లో బాగాలేదే' అని రాయబోయి 'అంతా బాగే, ఆయనా బాగే' అని రాశాను. అమ్మ ఆఖరి రోజుల్లో చెల్లెలు ఒక వాయిస్ మెసేజ్ పంపింది, అమ్మ గొంతుతో. అది ముందు ఆయనే విన్నారు. నేను వంటింట్లో ఉన్నాను. హాల్లోంచి మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలవడం వినబడి, చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చాను. "ఏం లేదులే, మామూలే" అని ఆపేశారు. నేను తర్వాత విన్నాను. తర్వాత వినడానికీ ముందు వినడానికీ తేడా ఏముందని అప్పుడు నన్ను నేను సముదాయించుకున్నాను. సమీరా పంపే మొగుళ్ళ మీది జోకులు చదివిన వెంటనే చెరిపేస్తాను. తప్పుడు జోకులేం కావు, ఊరికే నవ్వుకునేవి. ఎవరూ చెరపమనలేదు. నాకు నేనే నేర్చుకున్నాను, వెల్లుల్లి ఎప్పుడు దింపాలో నేర్చుకున్నట్టే. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. రెండు స్టాపులు వెనక్కి నడిచి ఇంటికెళ్ళి, ఆలస్యమైనందుకు మాట పడి, భోజనమయ్యాక ఫోను ఇచ్చాను. అలవాటు కదా.

శుక్రవారం ప్రార్థన వేళ నుంచి నా మనసు మనసులో లేదు. మసీదు నుంచి వచ్చేవాళ్ళ అడుగులు వినబడుతుంటే ఆ పిల్ల ఆ ఇంట్లో ఏ గుమ్మం దగ్గర నిలబడి ఉందో అనుకున్నాను. అన్నం మాడింది. దానికి వంక న్యాయమే.

ఆదివారం పొద్దున నేను రిజిస్టర్లు తెరవకముందే రగధా వచ్చింది. హైసమ్ అన్నట్టే చేశాడట. భోజనాల బల్ల మీద ఫోను వాళ్ళమ్మ ముందు పడేసి, "చూడమ్మా, ఇవి వంటలేనా, ఏదైనా నాటకమా?" అన్నాడట. ఆవిడ కళ్ళజోడు తెప్పించుకుని మొదటి నుంచి చదివింది. బెండకాయ దగ్గర తలూపింది. ములూఖియా ఆఖరుకి వచ్చి, చదువుతూ చదువుతూ నిజంగానే 'హాఁ' అని ఊపిరి పీల్చి నవ్విందట. "రాసినామె చేతులు చల్లగుండ! మా అమ్మ వండినట్టే రాసింది. నీకేం తెలుసురా వంట సంగతి, నోర్మూసుకుని తిను" అని కొడుకుని కసిరింది. తర్వాత రగధా వేళ్ళు చూసి, "ఏమైంది?" అని అడిగింది. తలుపులో పడ్డాయంది ఈ పిల్ల. ఆవిడ కొడుకు వైపు చూసింది. రొట్టె ముక్క తుంచి, కూరలో ముంచి, రగధా నోట్లో తనే పెట్టింది.

గురువారం రగధా నాన్న ఫత్హీ హుర్ఘాదా నుంచి వచ్చాడు. అరుగు మీద తండ్రి పక్కన కూర్చుని రగధా ములూఖియా పేజీ తెరిచింది. అతను ఒక్కో ఫోటో చూసి, కింద తారీఖు చదివి, తర్వాతది చూశాడు. అరవలేదు. చివరికి, "ఈ రోజుల్లోనేనా నేను ఫోన్ చేసి అల్లుడెలా ఉన్నాడమ్మా అని అడిగింది?" అన్నాడట. ఆ పిల్ల తలూపింది. అతను మొహం చేతుల్లో కప్పుకుని ఏడ్చాడు. మర్నాడు ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి ఉంగరం, పెట్టిన బంగారం మొత్తం వాళ్ళ గుమ్మంలో అప్పగించి వచ్చాడు.

నేను కౌంటర్ అద్దం మీద ఒక కాగితం అంటించాను: టైమ్‌టేబుల్ విద్యార్థి చేతికే ఇస్తాం, తండ్రి అడిగినా ఇవ్వం. "ఏంటి మదామ్, పోలీసు ఉద్యోగం వచ్చిందా?" అన్నారు మా మగ గుమాస్తాలు. టీ మాత్రం అడిగారు. కెటిల్ తీసుకెళ్ళి వాళ్ళ బల్ల మీద పెట్టాను.

పరీక్షల ముందు ఒకరోజు రగధా లైబ్రరీకి వెళ్తూ నా దగ్గర ఆగింది. కట్టు విప్పేశారు, చిటికెన వేలు ఇంకా సరిగ్గా వంగడం లేదు. మొహంలో కళ వచ్చింది. నేను కార్డుల మీద సీలు వేస్తున్నాను. అద్దం అవతల నిలబడి, చుట్టూ చూసి, మెల్లగా అడిగింది. "అబ్లా, నాకు చూపించడానికి నాన్న ఉన్నాడు. మీరు ఎవరికి చూపిస్తారు?"

ఇంకో కార్డు మీద సీలు గుద్దాను. అమ్మ లేదు. అత్తగారు లేదు, ఉన్నా ఆవిడ ఏమంటుందో తెలుసు. చెల్లెలికి చెబుదామంటే చెప్పే దారే ఆయన చేతిలో ఉంది. మాజిన్ సైన్యంలో ఉన్నాడు, తండ్రంటే ప్రాణం. ఒక్కొక్కరినీ తలుచుకుంటూ పోతే చివరికి ఎవరూ మిగల్లేదు. "వెళ్ళమ్మా, క్లాసుకి టైమైంది" అన్నాను. ఆ గంట ఆమెకి ఖాళీ అని ఇద్దరికీ తెలుసు. నవ్వి వెళ్ళిపోయింది.

ఆ రోజు సాయంత్రం ఇంటికెళ్ళి చేపలు వేయించాను. కాస్త ఎక్కువ వేగాయన్నారు. రెండోసారి వడ్డించాను. టీ తెచ్చి పెట్టాను. ఇరవై నాలుగేళ్ళ కాపురం చేసినదాన్ని, ఒక ఫోను కోసం ఇలా భయపడతానని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

చెయ్యి చాచారు. ఇచ్చాను. సంఖ్య కొట్టారు. తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టారు, ఈసారి ఒక్కో అంకె పైకి చదువుతూ.

"ఏమైంది దీనికి?"

"నంబర్ మార్చాను."

"ఎందుకు?" గ్లాసు కింద పెట్టారు. "ఏం దాస్తున్నావే దీంట్లో?"

ఏం దాస్తున్నానో నేనూ ఒకసారి ఆలోచించాను. చెల్లెలి మందుల పేర్లు, సమీరా జోకులు, ముప్పై ఒక్క వంటలు. భయం ఇంకా పోలేదు. అయినా ఆయన అరచేతిలోంచి ఫోను తీసుకున్నాను.

"ఏమీ లేదు రగబ్. ఏమీ లేకపోయినా, అది నాది."